పోటు మీద వెళ్లాలా, ఆటు మీదా? గడ్డి మెరకల్లో స్ట్రైపర్ వేట

అమెరికాలోని న్యూజెర్సీ తీరాన బార్నెగాట్ బే అనే ఉప్పునీటి అఖాతంలో కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) మీద స్ట్రైపర్ చేపను పట్టేవాళ్లను ఏ ఇద్దరిని కదిపినా ఒకరి మాట ఇంకొకరి మాటతో కలవదు. పోటు ఎక్కుతుంటేనే వెళ్లాలి, నీళ్లతో పాటే చేప గడ్డి మెరక మీదికి, అంటే నీళ్ల కింద గడ్డి పెరిగే లోతు తక్కువ చోటికి వస్తుందని ఒకాయన అంటాడు. పోటు మీద వెళ్తే తెడ్డు వేయడమే మిగులుతుంది, నీళ్లు దిగేటప్పుడు గడ్డి అంచున కాపు కాయాలని ఇంకొకాయన వాదన. తెల్లవారకముందే నీళ్లలో ఉండాలని ఒకరు, ఏప్రిల్లో అయితే మధ్యాహ్నం భోజనం చేసి తీరిగ్గా బయల్దేరినా చాలని మరొకరు. వీళ్లంతా ఏళ్ల తరబడి చేపలు పడుతున్నవాళ్లే. కొత్తవాళ్లకు దీంతో తల తిరిగిపోతుంది.

నిజానికి ఇందులో ఎవరి మాటా తప్పు కాదు. ఒకాయన మే నెల గురించి చెబుతున్నాడు, ఇంకొకాయన జులై గురించి. ఒకరు నీళ్లు మూడు మీటర్లు ఎక్కి దిగే తీరంలో నేర్చుకున్నారు, ఇంకొకరు మోకాలి లోతు కూడా మారని చోట. గాలం, ఎర, పడవ గురించి బోలెడు కబుర్లు చెప్పే వాళ్లు నెల, చోటు అనే రెండు విషయాలు మాత్రం చెప్పకుండా వదిలేస్తారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముందు చేప సంగతి. స్ట్రైప్డ్ బాస్ అమెరికా తూర్పు తీరపు చేప. వెండి ఒంటి మీద తల నుంచి తోక దాకా ఏడెనిమిది నల్లటి గీతలు ఉంటాయి. న్యూజెర్సీకి దక్షిణాన మేరీల్యాండ్, వర్జీనియా రాష్ట్రాల్లో ఉన్న చెసపీక్ బే వైపు దీన్ని రాక్‌ఫిష్ అంటారు, మిగతా తీరంలో స్ట్రైపర్. సముద్రంలో పెరిగి గుడ్లు పెట్టడానికి నదుల్లోకి ఎదురీదుతుంది కాబట్టి పులస కథ తెలిసిన గోదారి జిల్లాల వాళ్లకు దీని జీవితం సగం తెలిసినట్టే. కాకపోతే పులస వరద నీటికి ఎక్కుతుంది, ఇది వసంతంలో నది నీరు 15 నుంచి 18 డిగ్రీల సెల్సియస్‌కు చేరినప్పుడు ఎక్కుతుంది. అట్లాంటిక్ తీరమంతా తిరిగే స్ట్రైపర్లలో ఎక్కువ భాగం చెసపీక్ బేలో కలిసే నదుల్లో పుట్టినవే. హడ్సన్, డెలావేర్ నదుల్లోనూ పుడతాయి.

గుడ్లు పెట్టాక పెద్ద చేపలు తీరం వెంట ఉత్తరానికి సాగుతాయి. న్యూజెర్సీ, లాంగ్ ఐలాండ్, మసాచుసెట్స్‌లోని కేప్ కాడ్ దాటి మెయిన్ రాష్ట్రం దాకా వెళ్తాయి. చలి మొదలయ్యేసరికి మళ్లీ దక్షిణానికి మళ్లుతాయి. వీటికి బాగా నచ్చేది సుమారు 13 నుంచి 20 డిగ్రీల నీరు. అందుకే బార్నెగాట్‌లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఒక విడత, అక్టోబర్ నుంచి మరో విడత జోరుగా సాగుతుంది. జులై, ఆగస్టుల్లో అక్కడ మిగిలేవి ఎక్కువగా చిన్న చేపలు. అదే కేప్ కాడ్‌లో వేసవంతా చేపలుంటాయి. ఉత్తరాది వాళ్ల వీడియో చూసి ఆగస్టులో బార్నెగాట్‌కు కయాక్ మోసుకెళ్తే దొరికేది ఎండదెబ్బే.

సముద్రమంత లోతు వదిలేసి అంత పెద్ద చేప మోకాలి లోతు నీళ్లలోకి ఎందుకు వస్తుంది? తిండి కోసం. అక్కడ దొరికినంత తేలికగా చిన్న చేప, రొయ్య, పీత ఇంకెక్కడా దొరకవు. కానీ తక్కువ లోతులో తను కూడా అందరి కళ్లకూ కనిపిస్తుంది. పైన చేపలు తినే గద్దలు తిరుగుతుంటాయి, కేప్ కాడ్ వైపు సీల్ జంతువులు కూడా ఉంటాయి. కాబట్టి స్ట్రైపర్ గడ్డి మెరక మీద కాపురం పెట్టదు, వచ్చి తిని పోతుంది. వెలుతురు తక్కువగా ఉండి, నీళ్లు కదులుతూ, చల్లదనం సరిపోయినప్పుడు ఓ గంటో రెండు గంటలో ఉంటుంది. ఆ వేళ పట్టుకోవడమే వేటలో ముప్పావు వంతు పని.

ఇక గడ్డి. ఇక్కడ గడ్డి అంటే ముఖ్యంగా ఈల్‌గ్రాస్. చాలామంది నాచు అనుకుంటారు గానీ ఇది వేళ్లూ పూలూ గింజలూ ఉన్న నిజమైన మొక్క, కాకపోతే బతుకంతా నీళ్ల కిందే. ఎండ కావాలి కాబట్టి లోతు తక్కువగా, నీరు తేటగా ఉన్న చోటే పెరుగుతుంది. 1930లలో వచ్చిన ఒక తెగులు ఉత్తర అట్లాంటిక్ ఈల్‌గ్రాస్‌లో దాదాపు 90 శాతాన్ని తుడిచిపెట్టింది. దాని మీదే బతికే స్కాలప్ ఆల్చిప్పల వేట కూడా ఎన్నో చోట్ల దానితో పాటే పోయింది. తర్వాత కొంత కోలుకుంది. ఇప్పుడున్న గండాలు వేరు: ఎరువుల మురికితో నీరు మసకబారడం, వేసవి నీరు మరీ వేడెక్కడం, మోటారు పడవల రెక్కలు గడ్డిని వేళ్లతో సహా కోసేయడం. న్యూజెర్సీలో మిగిలిన సముద్రపు గడ్డిలో సుమారు నాలుగింట మూడు వంతులు బార్నెగాట్ బే, దాని కింద ఉన్న లిటిల్ ఎగ్ హార్బర్ మధ్యే ఉంది.

వర్జీనియా తీరంలో మాత్రం కథ సుఖాంతం వైపు నడిచింది. 1930లలో పూర్తిగా మాయమైన గడ్డిని అక్కడి సముద్ర శాస్త్ర సంస్థ 2000 ప్రాంతాల నుంచి గింజలు చల్లుతూ మళ్లీ వేల ఎకరాల్లో మొలిపించింది. గింజలు చల్లి సముద్రాన్ని సాగు చేయడం అంటే వ్యవసాయం తెలిసిన వాళ్లకు కూడా నవ్వొస్తుంది గానీ అది నిజంగా పని చేసింది.

వేటకు సంబంధించిన అసలు విషయం ఏమిటంటే, ఒత్తుగా పెరిగిన గడ్డి చిన్న చేపకు కోట. స్ట్రైపర్ అందులో దూరి వేటాడలేదు, దాని ఒళ్లు పెద్దది, మలుపు తిరగడానికి చోటు కావాలి. కాబట్టి గడ్డి ఎంత బాగుంటే అంత చేప అనుకుని నట్టనడుమ గాలం వేస్తే గడ్డే తగులుతుంది. స్ట్రైపర్ ఉండేది గడ్డి ఆగిపోయే చోట: మెరక అంచున లోతు మొదలయ్యే గీత దగ్గర, గడ్డి మధ్యలో బోడిగా ఉన్న ఇసుక మడుగుల్లో, గడ్డిని చీల్చుకుంటూ పోయే సన్నటి కాలువల నోట్లో. కోటలోంచి బయటికొచ్చిన దాన్ని అక్కడ అందుకుంటుంది.

కయాక్ పక్కకు వంగి రెండడుగుల నీళ్లలోకి ఓ రెండు నిమిషాలు కదలకుండా చూడండి. పచ్చటి రిబ్బన్ల లాంటి ఆకులు అన్నీ ఒకే వైపు వాలి ఉంటాయి. నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పడానికి అంతకన్నా నికరమైన గుర్తు లేదు. ఆకులు బాగా ఒరిగి ఉంటే పారుదల గట్టిగా ఉన్నట్టు. ఆకుల పైన సిల్వర్‌సైడ్ అనే వేలెడంత చేపలు గుంపుగా, అన్నీ పారుదలకు ఎదురుగా ముఖం పెట్టి, ఉన్న చోటే తోకలాడిస్తుంటాయి. ఆకుల మధ్య అద్దంలా ఉన్న రొయ్యలుంటాయి, కళ్ల నల్లచుక్కలు తప్ప ఏమీ కనబడవు. ఇంతలో ఆకులు మెల్లగా నిటారుగా లేస్తాయి. సిల్వర్‌సైడ్ల గుంపు వదులై ఎటు పడితే అటు తిరగడం మొదలుపెడుతుంది. అంటే పారుదల ఆగింది. స్ట్రైపర్ అలాంటప్పుడు సాధారణంగా ఆసక్తి చూపదు, మీరు కూడా ఆ కాసేపు టీ తాగొచ్చు. ఆకులు మళ్లీ అటో ఇటో వాలగానే చేప కూడా పారుదలకు ఎదురు ముఖం పెట్టి అంచున నిలబడుతుంది. ఎర దానికి ఎదురుగా, పైనుంచి కొట్టుకొస్తున్నట్టు రావాలి. వెనక నుంచి వచ్చి ముందుకు దూసుకుపోయే రొయ్యను అది ఎప్పుడూ చూసి ఉండదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రావచ్చు. పోటా, ఆటా? దీన్ని విప్పాలంటే నీటికి మూడు లెక్కలున్నాయని గుర్తుంచుకోవాలి: ఎంత ఎత్తు మారుతుంది, ఎటు పారుతుంది, ఎంత వేడిగా ఉంది. సలహాలిచ్చే వాళ్లు మొదటి రెండూ చెబుతారు. మూడోదే తీర్పు చెప్పేది.

ఏప్రిల్, మే నెలల్లో సముద్రం ఇంకా చల్లగా, 8 నుంచి 12 డిగ్రీల దగ్గర ఉంటుంది. లోపలి మెరకల మీద అడుగు నల్లగా ఉంటుంది కాబట్టి మధ్యాహ్నపు ఎండకు ఆ కొద్దిపాటి నీళ్లు త్వరగా వెచ్చబడతాయి. ఆ వెచ్చటి నీరు ఆటు మీద కాలువల్లోంచి బయటికి పారుతుంది, దానితో పాటే చిన్న చేపలూ వస్తాయి. స్ట్రైపర్ ఆ కాలువ నోట్లో నిలబడితే తిండికి తిండి, వెచ్చదనానికి వెచ్చదనం. అందుకే వసంతంలో మధ్యాహ్నం ఆటు బంగారం. ఆ నెలల్లో తెల్లవారుజామున పోటు మీద వెళ్తే సముద్రపు మంచు నీరు మెరక మీదికి ఎక్కుతుంటుంది, చేపకు నోరు తెరవడానికి కూడా బద్ధకం.

జులై వచ్చేసరికి అంతా తలకిందులు. మెరక మీద నీరు 25 డిగ్రీలు దాటుతుంది, బయటి నీరే చల్లన. ఇప్పుడు పోటు మీద వచ్చే నీరు చేపను మోసుకొస్తుంది, అదీ తెల్లవారుజామున. ఇందులో ఇంకో మెలిక ఉంది. గడ్డి పగలంతా ప్రాణవాయువును నీళ్లలోకి వదులుతుంది, రాత్రంతా అదే వాడుకుంటుంది. వేడి నీటిలో ప్రాణవాయువు నిలిచేదే తక్కువ. కాబట్టి వేసవిలో ఒత్తైన గడ్డిలో ప్రాణవాయువు బాగా పడిపోయే వేళ సరిగ్గా తెల్లవారుజామే. వెలుతురు లెక్కన అదే మంచి వేళ, ఊపిరి లెక్కన అదే చెడ్డ వేళ. నీళ్లు నిలిచిపోయి ఉన్న ఆగస్టు తెల్లవారుజామున ఒక్క చేపా కనిపించకపోవడానికి తరచూ ఇదే కారణం. పోటు ఎక్కుతుంటే కొత్త నీరు వస్తుంది కాబట్టి ఈ గొడవ తీరుతుంది. తెల్లవారుజామే వెళ్లాలనే సలహాకు పోటు ఉంటేనే అనే మాట కలిపి చదువుకోవాలి.

ఇక ఎత్తు లెక్క. కేప్ కాడ్ బేలో నీరు ఆటుకూ పోటుకూ మధ్య దాదాపు 3 మీటర్లు మారుతుంది. అక్కడి బ్రూస్టర్ అనే ఊరి దగ్గర ఆటు సమయంలో ఒక మైలు దాకా నేల బయటపడుతుంది. అలాంటి చోట చేప ఉన్న చోట ఉండదు, నీటి అంచుతో పాటు నడుస్తుంది. వేటగాడు కూడా గంటకో చోటికి మారాలి. పైగా ఆరు గంటల ఆటులో నడిమి రెండు గంటల్లోనే సగం నీరు పోతుంది. అంటే 3 మీటర్ల తేడాలో మీటరున్నర రెండు గంటల్లో మాయం. చేపల ధ్యాసలో పడి ఆ రెండు గంటలూ గమనించకపోతే కయాక్‌ను బురదలో ఈడ్చుకుంటూ రావాలి. పోటు వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు జరుగుతుంది. బోస్టన్ వైపు అమావాస్యకూ పున్నమికీ పోటు నిండేది ఇంచుమించు మధ్యాహ్నం, అర్ధరాత్రి వేళల్లో. అంటే ఆ రోజుల్లో తెల్లవారుజామున ఆటు ముగిసి పోటు మొదలవుతుంది, వేసవి వేటకు కావలసింది అదే. మన క్యాలెండర్‌లో తిథి చూసే అలవాటు ఉన్నవాళ్లకు ఇది ఇట్టే వంటబడుతుంది.

బార్నెగాట్ అలా కాదు. సగటు లోతు మీటరున్నర మాత్రమే ఉన్న పొడవాటి ఉప్పునీటి చెరువు లాంటిది. సముద్రంతో కలిసేది సన్నటి మొగల ద్వారా. మొగ దగ్గర పారుదల జోరుగా ఉన్నా, లోపలికి పోయేకొద్దీ ఎత్తులో తేడా జానెడుకు పడిపోతుంది, వేళ కూడా గంటల కొద్దీ వెనకబడుతుంది. బార్నెగాట్ మొగకు ఇచ్చిన పోటు పట్టిక చూసి లోపలి మెరకకు వెళ్లేవాళ్లు చేసే పొరపాటు ఇదే. పట్టికలో పోటు నిండిన వేళకు లోపల నీళ్లు ఇంకా ఎక్కుతూనే ఉంటాయి. ఇలాంటి చోట గాలే అసలు పోటు. ఒక రోజంతా గట్టిగా వీస్తే నీటిని ఒక ఒడ్డు నుంచి ఇంకో ఒడ్డుకు నెడుతుంది. చెసపీక్ పైభాగంలో కూడా అంతే, వాయవ్యం గాలి పట్టిందంటే నీరు బేలోంచి కిందికి తోసుకుపోతుంది, మెరకలు బయటపడతాయి.

చెసపీక్ బే ఉత్తర కొసన, సస్క్వెహానా నది వచ్చి కలిసే చోట ఉన్న సస్క్వెహానా ఫ్లాట్స్ అనే మెరకలకు ఇంకో లెక్క అదనం. అక్కడ నీరు ఉప్పు కాదు, మంచినీరే. గడ్డి కూడా ఈల్‌గ్రాస్ కాదు, మంచినీటి జాతులు. పైన నది మీద 1928లో కట్టిన కోనోవింగో ఆనకట్ట ఉంది. అక్కడ గేట్లు ఎత్తితే పారుదల, చల్లదనం, మురికి అన్నీ మారిపోతాయి. 1972లో ఆగ్నెస్ తుఫాను తెచ్చిన వరద అక్కడి గడ్డిని దాదాపు ఊడ్చేసింది. మళ్లీ పెద్ద ఎత్తున మొలవడానికి సుమారు మూడు దశాబ్దాలు పట్టింది. పోటు పట్టికతో పాటు ఆనకట్ట నీటి విడుదల కూడా చూడాల్సిన చోటు ఇది.

వెలుతురు దగ్గర కయాక్‌కు ఒక లాభం, ఒక నష్టం ఉన్నాయి. రెండూ ఒకే కారణం వల్ల. నీళ్లలోంచి పైకి చూసే చేపకు బయటి ప్రపంచమంతా ఒక గుండ్రటి కిటికీలో ఇమిడి కనబడుతుంది. దాని కోణం 97 డిగ్రీలు. చేప కన్ను 60 సెంటీమీటర్ల లోతున ఉంటే ఆ కిటికీ వెడల్పు మీటరున్నర కూడా ఉండదు. ఒడ్డు, చెట్లు, పడవలు, నీటికి దగ్గరగా ఉన్నవన్నీ ఆ కిటికీ అంచున నలిగిపోయి, మసగ్గా కనిపిస్తాయి. కయాక్‌లో కూర్చున్న మనిషి తల నీటికి మీటరు ఎత్తులోపే ఉంటుంది కాబట్టి ఆ మసక అంచులోనే ఉండిపోతాడు. పెద్ద పడవ మీద నిలబడినవాడు కిటికీ మధ్యకు వస్తాడు. ఇది లాభం. నష్టం ఏమిటంటే అంత కిందినుంచి చూస్తే నీటి పైన మెరుపు తప్ప లోపల ఏమీ కనబడదు. పోలరైజ్డ్ కళ్లద్దాలు కొంత ఆదుకుంటాయి గానీ, నల్లటి గడ్డి మీద నల్లటి వీపున్న చేపను కూర్చుని చూడటం దాదాపు అసాధ్యం. అందుకే అనుభవం ఉన్నవాళ్లు గడ్డిని చూడరు, గడ్డి మధ్యలోని ఇసుక మడుగును చూస్తారు. దాటేటప్పుడు నీడ పడుతుంది. వెడల్పాటి కయాక్‌లో నిలబడి చూసేవాళ్లూ ఉన్నారు. నిలబడ్డాక చేప కూడా మిమ్మల్ని చూస్తుందని మర్చిపోకపోతే చాలు.

చూపు కన్నా పెద్ద సమస్య చప్పుడు. నీళ్లలో శబ్దం గాలిలో కన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఉండే సున్నితమైన గీత చిన్న కుదుపును కూడా పసిగడుతుంది. తెడ్డు కయాక్ అంచుకు తగిలిన టక్కుమన్న చప్పుడు, పెట్టె మూత పడిన శబ్దం, ప్లాస్టిక్ అడుగు మీద జారిన పటకారు, ఇవన్నీ మెరక మీద చాటింపు వేసినట్టే. కయాక్ నిశ్శబ్దంగా ఉంటుందన్న మాట సగమే నిజం, అందులో కూర్చున్న మనిషి నిశ్శబ్దంగా ఉంటేనే అది ఉంటుంది.

కాళ్లతో తొక్కే పెడల్ కయాక్ కొనాలా, తెడ్డుదా అన్న చర్చ ఎప్పటికీ తెగదు. నా మటుకు నాకు గడ్డి మెరకలకు తెడ్డే మేలు అనిపిస్తుంది. హోబీ కంపెనీ 1997లో తెచ్చిన రెక్కల తరహా పెడల్‌ను తక్కువ లోతులో కయాక్ అడుగుకు ఆనించి పైకి మడవచ్చు. గుండ్రంగా తిరిగే రెక్కల పెడల్‌కు మాత్రం గడ్డి చుట్టుకుంటుంది. లోతు నీరు దాటడానికి, గాలికి ఎదురు పోవడానికి పెడల్ నిజంగా సుఖం, చేతులు ఖాళీగా ఉంటాయి. మెరక చేరాక మాత్రం దాన్ని పైకి లాగేసి తెడ్డు పట్టాల్సిందే. నీళ్లు ఇంకా పలుచన అయితే తెడ్డు కూడా పక్కన పెట్టి కర్రతో నెట్టుకోవడమే.

నిలబెట్టడానికి లంగరు కన్నా పొడవాటి ఫైబర్ కర్ర నయం. చప్పుడు లేకుండా అడుగులో గుచ్చి, కయాక్ వెనక కొసకు తాడు కడితే సరిపోతుంది. గడ్డిలో కాకుండా ఇసుక మడుగులో గుచ్చితే వేళ్లు తెగవు. తాడు మాత్రం కయాక్ పక్క భాగానికి ఎప్పుడూ కట్టకూడదు. పారుదల గట్టిగా ఉన్నప్పుడు అడ్డం తిరిగితే ఒక్కసారిగా బోల్తా పడుతుంది. నిలిచే చోటు అంచుకు ఎదురుగా కాకుండా పక్కగా ఉండాలి. పారుదల పైనుంచి జారుతూ వస్తే మీ నీడ, మీ చప్పుడు ఎర కన్నా ముందే చేపను చేరతాయి.

సామాను గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. ఏడడుగుల మధ్యరకం రాడ్, 15 నుంచి 20 పౌండ్ల బరువు తట్టుకునే అల్లిక దారం, దాని చివర 20 నుంచి 30 పౌండ్లు తట్టుకునే ఫ్లోరోకార్బన్ అనే దారం ముక్క. ఎర విషయంలో ఒక్కటే నియమం: కొక్కెం మొన మెత్తటి ప్లాస్టిక్ చేప ఒంట్లో దాగి ఉండాలి, లేకపోతే విసిరిన ప్రతిసారీ గడ్డే వస్తుంది. తెల్లవారుజామున నీళ్లు పలకలా ఉంటే పైన తేలుతూ అటూ ఇటూ ఊగే ఎర వేయండి. చేప దాన్ని కొట్టే తీరు చూస్తే రాత్రి నిద్ర పట్టదు. మూడు మొనల కొక్కేలు తీసేసి ఒంటి కొక్కెం పెట్టి, దాని ముల్లును పటకారుతో అణచండి. కయాక్‌లో ఒడి పక్కనే ఎగిరిపడే చేపకు మూడు మొనలు వేలాడుతుంటే ఆస్పత్రికి వెళ్లేది చేప కాదు.

తగిలాక ఏమవుతుంది? లోతు లేదు కాబట్టి చేప కిందికి పోలేదు, అడ్డంగా పరుగు తీస్తుంది. దారానికి గడ్డి చుట్టలు చుట్టుకుంటుంది. రాడ్ ఎత్తి పట్టి దారాన్ని గడ్డి పైన ఉంచాలి. పది కిలోల చేపయితే కయాక్‌నే లాక్కుపోతుంది. సరదాగానే ఉంటుంది గానీ ఎక్కువసేపు లాగనిస్తే చేప అలసిపోయి, వదిలాక కూడా కోలుకోదు. కాస్త గట్టి సామానుతో త్వరగా ముగించడమే దయ. పక్కకు వచ్చాక కింది పెదవి పట్టుకోవచ్చు, కోరల్లాంటి పళ్లు లేవు, గరుకు కాగితంలా ఉంటుంది. వీపు మీది ముళ్లు, మొప్పల మూత అంచు మాత్రం బ్లేడులా కోస్తాయి.

టెన్షన్ పడాల్సింది చేప గురించి కాదు, నీటి గురించి. మే నెలలో గాలి 25 డిగ్రీలు ఉండి హాయిగా ఉంటుంది, నీరు 10 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అందులో పడితే మొదటి నిమిషం ఊపిరి చేజారుతుంది, ఒక్కసారిగా ఎగశ్వాస వస్తుంది, ఆ క్షణంలో తల మునిగితే అంతే. ఆ తర్వాత చేతులు మాట వినేది సుమారు పది నిమిషాలు. స్పృహ తప్పడానికి గంట దాకా పట్టవచ్చు గానీ ఆ గంట బతికించేది ఒంటి మీదున్న లైఫ్ జాకెట్ మాత్రమే. వెనక సీటుకు కట్టిన జాకెట్ లెక్కలోకి రాదు. మసాచుసెట్స్‌లో సెప్టెంబర్ 15 నుంచి మే 15 దాకా కయాక్‌లో జాకెట్ తొడుక్కోవడం చట్టమే. ఎండను చూసి కాదు, నీటిని చూసి బట్టలు వేసుకోవాలి. చీకట్లో వెళ్తే తెల్ల లైటు, విజిల్ ఉండాలి. బోల్తా పడ్డ కయాక్ ఎక్కడం వెచ్చటి జులై మధ్యాహ్నం నడుము లోతులో నేర్చుకోవాలి. మనవాళ్లలో ఈత రాకుండానే కయాక్ కొనేవాళ్లు తక్కువేమీ కాదు, వాళ్లు ముందు ఈత క్లాసులో చేరడం మంచిది. బార్నెగాట్ మొగ వైపు ఆటు మీద అసలు పోవద్దు. ఆ పారుదల కయాక్‌ను సముద్రంలోకి తోసేస్తుంది. మొదలుపెట్టడానికి ఐలాండ్ బీచ్ స్టేట్ పార్క్ వెనక ఉన్న సెడ్జ్ ఐలాండ్స్ ప్రాంతం నయం. 2001లో దాన్ని రక్షిత జలాలుగా ప్రకటించి జెట్ స్కీలను కట్టడి చేశారు. లోపలి సన్నటి పాయల్లో ఉంటే మొగ పారుదల బాధ తక్కువ.

ఇక పట్టిన చేపను ఉంచుకోవచ్చా అన్నది ఈ వేటలో అన్నిటికన్నా చిక్కు ప్రశ్న. 1980ల మొదటికి స్ట్రైపర్ల సంఖ్య బాగా పడిపోయింది. 1984లో అమెరికా కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసింది. 1985 నుంచి 1990 దాకా మేరీల్యాండ్ రాష్ట్రం వేటను పూర్తిగా నిషేధించింది. 1995లో చేప కోలుకుందని ప్రకటించారు. అందరూ ఉదాహరణగా చెప్పుకున్న విజయం అది. 2019లో వచ్చిన అంచనా మళ్లీ చేప తగ్గిపోయిందని తేల్చింది. 2029 నాటికి కోలుకునేలా చేయాలన్నది ఇప్పటి లక్ష్యం. మరోవైపు మేరీల్యాండ్‌లో ఏటా చేసే పిల్లచేపల లెక్క 2019 నుంచి ఏళ్ల తరబడి సగటు కన్నా బాగా తక్కువే వచ్చింది.

అందుకే సముద్ర తీరంలో 2023 మే నుంచి 28 నుంచి 31 అంగుళాల మధ్య ఉన్న చేపనే ఉంచుకోవాలన్నారు, అదీ మనిషికి రోజుకు ఒక్కటి. అంతకు ముందు 35 అంగుళాల దాకా ఉండేది. ఆ నాలుగు అంగుళాలు ఎందుకు కోశారు? 2015లో పుట్టిన చేపల తరం చాలా బలమైనది. 2022లో అవి ఉంచుకోదగ్గ పొడవుకు చేరగానే పట్టివేత ఒక్క ఏడాదిలో దాదాపు రెట్టింపయింది. 31 దగ్గర గీత గీస్తే ఆ తరం ఎదిగిన కొద్దీ గీత దాటి బయటపడుతుంది. పెద్ద ఆడచేపను వదలమనడానికి ఇంకో లెక్క కూడా ఉంది. ఆరేళ్ల ఆడచేప సుమారు 5 లక్షల గుడ్లు పెడితే, పదిహేనేళ్లది 30 లక్షల దాకా పెడుతుంది. చెసపీక్ లోపల కొలతలు వేరు, రాష్ట్రాల మధ్య మూసివేత తేదీలూ వేరు. ఇవి తరచూ మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు ఆ రాష్ట్ర మత్స్యశాఖ వెబ్‌సైట్ చూసుకోవాల్సిందే. న్యూజెర్సీలో ఉప్పునీటి వేటకు పేరు నమోదు ఉచితమే, కానీ తప్పనిసరి.

వదిలేస్తే పాపం పోయినట్టు కాదు. తీరమంతటికీ లెక్క కట్టేటప్పుడు వదిలిన ప్రతి వందలో 9 చేపలు చనిపోతాయని తీసుకుంటారు. వదిలేవి కోట్లలో ఉంటాయి కాబట్టి కొన్నేళ్లలో అలా చనిపోయినవి ఇంటికి తీసుకెళ్లిన వాటితో సమానంగా తేలాయి. నీరు 21 డిగ్రీలు దాటాక ఈ ముప్పు పెరుగుతుంది. ఐదొందల రూపాయల విలువ చేసే థర్మామీటర్ కయాక్‌లో ఉంటే ఎప్పుడు ఆపాలో అదే చెబుతుంది. నిజమైన ఎరతో పట్టేవాళ్లు గుండ్రటి సర్కిల్ కొక్కెమే వాడాలన్న నిబంధన 2021 నుంచి అమల్లో ఉంది. అది గొంతులో కాకుండా పెదవి మూల పట్టుకుంటుంది. ఫొటో తీయాలంటే కెమెరా సిద్ధంగా పెట్టుకుని, అప్పటిదాకా చేపను నీళ్లలోనే ఉంచండి.

సరైన కొలతలో ఒకటి దొరికి ఇంటికి తెచ్చారనుకోండి. కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది, చింతపండు పులుసుకు విడిపోకుండా నిలుస్తుంది. అయితే ఏళ్ల తరబడి బతికే చేప కాబట్టి ఒంట్లో పాదరసం, పీసీబీలు అనే హానికర పారిశ్రామిక రసాయనాలు పేరుకుంటాయి. ఎన్నాళ్లకోసారి తినొచ్చో న్యూజెర్సీ ప్రభుత్వం సూచనలు ఇస్తుంది, గర్భిణులకూ చిన్నపిల్లలకూ అవి మరింత కఠినం. పీసీబీలు కొవ్వులో చేరతాయి కాబట్టి చర్మం, పొట్ట కొవ్వు, పక్కల ఉన్న ముదురు రంగు కండ తీసేసి వండితే కొంత తగ్గుతాయి. పాదరసం మాత్రం కండలోనే ఉంటుంది, ఎలా కోసినా పోదు.